ఒకే పందిరి మీద కాకర కాస్తోంది, బీర పిందెలు మాత్రం రాలిపోతున్నాయి

మాది కావలి. మేడ మీద ఒకే పందిరికి బీర, కాకర పాకించాను. జూన్ మూడో వారంలో ఒకే రోజు గింజలు పెట్టాను. రెండింటికీ అడుగున్నర లోతు గ్రో బ్యాగులే, మట్టీ ఒకటే: ఎర్రమట్టి, పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి.

కాకర ఇప్పటికి రెండు కిలోల పైనే కోశాను. బీర తీగ దానికన్నా ఏపుగా ఉంది, ఆకు కూడా పచ్చగా ఉంది, కానీ ఒక్క కాయ నిలవలేదు. ఆడ పువ్వు విచ్చిన మూడో రోజుకి పిందె చివర పసుపు తిరిగి, మెత్తబడి రాలిపోతోంది. కోసి చూశాను. లోపల పురుగు లేదు, ఈగ పొడిచిన మచ్చా లేదు.

మొదట్లో పొద్దున్నే మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకి రాసేదాన్ని. కాకర పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఈ తేడా ఆలస్యంగా గమనించాను. వారం రోజులుగా సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య రాస్తున్నాను. తొమ్మిది పువ్వులకు రాస్తే తొమ్మిదీ రాలాయి, చాలా బాధేసింది. పులిసిన మజ్జిగ రెండుసార్లు పిచికారీ చేశాను, కట్టె బూడిద వేశాను. మార్పు లేదు.

నా అనుమానం నీళ్ల మీద. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, బకెట్లకు తెల్లగా చార కడుతుంది. కానీ అవే నీళ్లకు కాకర కాస్తోంది కదా.

ఇలాంటి ఉప్పు నీళ్లతోనే మేడ మీద బీర కాయించినవాళ్లు, పిందె నిలవడానికి ఏం మార్చారో చెప్పగలరా?