టెండానా, ఫైబ్రోకార్టిలేజా? మూడు స్లైడ్లు పోయాయి, ఎలా గుర్తుపట్టాలో చెప్పండి

రెండోసారి_ప్రాక్టికల్స్:
స్పాటింగ్‌లో (మైక్రోస్కోపులో స్లైడ్ చూసి కణజాలం పేరు రాసే పరీక్షలో) మళ్లీ దెబ్బతిన్నాను. టెండాన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) చూసి ఫైబ్రోకార్టిలేజ్ (పీచు నిండిన మృదులాస్థి) అని రాశా. గుండె కండరం అడ్డకోతను చారల కండరం అన్నా. డీకాల్సిఫై చేసిన (కాల్షియం తీసేసిన) ఎముక దగ్గర ఏం తోచక ఖాళీ వదిలేశా. స్లైడ్‌కి నిమిషమే టైము. మీరంతా ముందు ఏం చూస్తారు? ఇంకోటి, రికార్డులో బొమ్మకి ఊదా, గులాబీ పెన్సిళ్లు ఎంత ముదురుగా రుద్దాలి?

స్లైడ్‌బాక్స్:
ఎముక దగ్గర నేనూ అలాగే బిగుసుకుపోయా. పుస్తకంలో ఉన్నది గ్రౌండ్ సెక్షన్. నల్లటి లాక్యునాలు (కణాలుండే గదులు), వాటి నుంచి సాలీడు కాళ్లలా కెనాలిక్యులై (సన్న కాలువలు), మధ్యలో రక్తనాళం పోయే హావర్షియన్ కాలువ. పరీక్షలో పెట్టింది డీకాల్సిఫైడ్. అంతా గులాబీ, సాలీడు కాళ్లు లేవు. ఎముకే కాదనుకున్నా.

ల్యాబ్_27ఏళ్లు:
ఇరవై ఏడేళ్లుగా ఈ స్లైడ్లు కోసి, రంగేసి, అతికిస్తున్నవాణ్ణి, కాబట్టి చెప్తున్నా. గ్రౌండ్ సెక్షన్ అంటే ఎండిన ఎముకను అరగదీసి పల్చన చేసింది. కణాలు ఎప్పుడో పోయాయి. ఖాళీల్లో గాలి, అరిగిన పొడి చేరి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు కణం కాదు, కణం ఉన్న గది. డీకాల్సిఫైడ్‌లో ఆమ్లంతోనో ఈడీటీఏతోనో కాల్షియం తీసేస్తాం, కణాలు మిగులుతాయి. అందుకే గదిలో ఆస్టియోసైట్ (ఎముక కణం) కేంద్రకం కనిపిస్తుంది, సన్న కాలువలు మాత్రం దాదాపు కనపడవు. రెండూ ఎముకే. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచేస్తే కేంద్రకాలు హెమటాక్సిలిన్ రంగు పట్టవు, అప్పుడు గదులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. అది కోసినవాడి తప్పు, పిల్లల తప్పు కాదు.

పెరికాండ్రియం_ఫ్యాన్:
ఫైబ్రో సంగతి చాలా తేలిక తమ్ముడూ. చుట్టూ పెరికాండ్రియం (కార్టిలేజ్‌ని కప్పే పొర) లేకపోతే ఫైబ్రో, ఉంటే మిగతా రెండు రకాలు, హయలిన్ లేదా ఎలాస్టిక్. ఈ ఒక్క సూత్రంతోనే నేను పాసయ్యా.

అనాటమీ_పీజీ:
దయచేసి ఈ సూత్రం ఎవరికీ నేర్పకండి. కీళ్ల ఉపరితలం మీద ఉండేది హయలినే, దానికీ పెరికాండ్రియం ఉండదు. నేను యూజీలో ఈ మాట నమ్మే మోకీలు స్లైడ్‌ని ఫైబ్రో అని రాశా.

పెరికాండ్రియం_ఫ్యాన్:
కీలు స్లైడ్ స్పాటింగ్‌లో ఎవరు పెడతారు మేడమ్? పెట్టేది శ్వాసనాళం, చెవిడొప్ప, వెన్నెముక డిస్క్. ఆ మూడింటికీ నా సూత్రం సరిపోతుంది.

అనాటమీ_పీజీ:
మాకు పెట్టారు. అయినా శ్వాసనాళం స్లైడే అనుకోండి, పాయింటర్ (చూడాల్సిన చోటు చూపే ముల్లు) కార్టిలేజ్ నట్టనడుమ ఉండి 40 లెన్స్‌లో బిగిస్తే అంచు ఎక్కడ కనిపిస్తుంది? కనపడనిదాన్ని లేదని రాసేస్తారా?

పెరికాండ్రియం_ఫ్యాన్:
అలా బిగించినవాళ్లది తప్పు. నా సూత్రానిది కాదు.

ల్యాబ్_27ఏళ్లు:
మేడమ్ చెప్పిందే రైటు. కోసేటప్పుడు అంచు ఊడిపోయిన సెక్షన్లు నా చేతుల్లోనే ఎన్నో వచ్చాయి. లేని వస్తువును చూసి పేరు పెట్టకూడదు, ఉన్నదాన్ని చూసి పెట్టాలి.

జువాలజీ_టీచర్:
మీరు కొట్టుకుంటుంటే ఆ అబ్బాయి అడిగింది పక్కకి పోయింది. టెండాన్‌కీ ఫైబ్రోకీ తేడా కణం ఆకారంలో ఉంది. రెండింటిలోనూ కొల్లాజెన్ (పీచు ప్రోటీన్) కట్టలు బారులు తీరి ఉంటాయి, అందుకే పొరబడతాం. టెండాన్‌లో ఫైబ్రోబ్లాస్టులు (పీచు తయారుచేసే కణాలు) కట్టల మధ్య నలిగిపోయి, కేంద్రకం సన్నగా, నల్లటి గీతలా ఉంటుంది. దాని చుట్టూ ఖాళీ గది ఉండదు. ఫైబ్రోలో కణం గుండ్రం, లాక్యునాలో కూర్చుంటుంది, చుట్టూ కాస్త నీలి ఛాయ. ఇలాంటివి రెండు మూడు వరసగా కనిపిస్తే నిశ్చింతగా రాయి నాయనా.

కండరం22:
కార్టిలేజ్ చాలు. గుండె కండరం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు వైవాలో మార్కులు పోయింది అక్కడే. నిలువుకోత ఇస్తే కొమ్మలు, ఇంటర్‌కలేటెడ్ డిస్కులు (కణాలు కలిసే చోటి అడ్డగీతలు) ఎవరైనా చెప్తారు. అడ్డకోతలోనే ఇబ్బంది. నేను కేంద్రకం అంచున ఉందని చారల కండరం అన్నా. తీరా అది పక్కనున్న కేశనాళికది.

అనాటమీ_పీజీ:
అది అందరూ పడే గుంట. గుండె కండరంలో కేశనాళికలు చాలా ఎక్కువ. వాటి గోడల కేంద్రకాలు తంతువుల అంచున అంటుకున్నట్టే కనిపిస్తాయి. ఒక్క తంతువును చూసి తేల్చకండి. ఇరవై తంతువులు చూడండి. కొన్నింటిలోనైనా నడిమధ్య గుండ్రటి కేంద్రకం, దాని చుట్టూ లేత రంగు వలయం దొరికితే గుండె. చాలా తంతువుల్లో కేంద్రకమే ఉండదు, కోత దాని మీదుగా పోలేదు కాబట్టి. చారల కండరంలో తంతువులు పెద్దవి, మూలలు తేరినవి, కేంద్రకాలన్నీ పొర కిందే.

స్లైడ్‌బాక్స్:
మరి నునుపు కండరం? నాకు అదీ టెండాన్‌లాగే ఉంటుంది.

జువాలజీ_టీచర్:
పేగు గోడ స్లైడ్ తీసుకో. లోపలి పొర వృత్తాకారం, బయటిది నిలువు. ఒకే స్లైడ్‌లో ఒక పొర పొడవునా, ఇంకోటి అడ్డంగా తెగి ఉంటుంది. అడ్డంగా తెగినచోట చిన్నా పెద్దా చుక్కలు కలిసి ఉంటాయి, లావుపాటి చుక్కల్లోనే కేంద్రకం. నునుపు కండరంలో కేంద్రకం కణం లోపలే ఉంటుంది. టెండాన్‌లో తంతువుల మధ్య ఉంటుంది. ఈ మాట పట్టుకుంటే చాలు.

కండరం22:
చారలే కనపడని చారల కండరం కూడా ఉంటుందా? మా స్లైడ్లు అలాగే ఉన్నాయి, పాతబడి వెలిసిపోయాయి.

ల్యాబ్_27ఏళ్లు:
స్లైడ్‌ని తిట్టే ముందు మైక్రోస్కోపు కండెన్సర్ కింద ఐరిస్ (వెలుతురును అదుపుచేసే మూత) కాస్త మూయి. వెలుతురు తగ్గి కాంట్రాస్ట్ పెరుగుతుంది, చారలు తేలతాయి. పిల్లలు ఐరిస్ పూర్తిగా తెరిచి, బల్బు నిండుగా పెట్టి చారలు లేవంటారు. నేను రోజూ చూస్తున్నదే ఇది.

పెరికాండ్రియం_ఫ్యాన్:
అన్నీ మీకే తెలుసన్నట్టు మాట్లాడకండి సర్. ఐరిస్ మూస్తే సూక్ష్మ వివరం మసకబారుతుంది, అదీ చెప్పాలి కదా.

ల్యాబ్_27ఏళ్లు:
పూర్తిగా మూయమనలేదు, కాస్త అన్నాను. మళ్లీ చదవండి.

రెండోసారి_ప్రాక్టికల్స్:
ఇవాళ ల్యాబ్‌లో గంటన్నర కూర్చున్నా. ఐరిస్ సగం మూస్తే నిలువుకోతలో డిస్కులు మెట్లలా తేలాయి, కళ్లు చెమర్చాయి. టెండాన్ స్లైడ్‌లో గుండ్రటి కణం కోసం అంతా వెతికా, ఒక్కటీ దొరకలేదు. టీచర్ గారికి, మేడమ్‌కి, సర్‌కి దండాలు. పెన్సిళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

స్లైడ్‌బాక్స్:
మంచి మాట చెప్పావు. ఇప్పుడు నాదో సందేహం. మా చెవిడొప్ప స్లైడ్ హెచ్ అండ్ ఈలో (హెమటాక్సిలిన్, ఈయోసిన్ రంగుల్లో) ఉంది, ఎలాస్టిక్ తంతువులు సరిగా కనపడవు. కణాలు పెద్దవి, దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉన్నాయి, మధ్యలో మాట్రిక్స్ (కణాల మధ్య పదార్థం) తక్కువ. ఇంతమాత్రం చూసి ఎలాస్టిక్ అని రాయొచ్చా?

ల్యాబ్_27ఏళ్లు:
వెర్‌హాఫ్ స్టెయిన్‌లో (ఎలాస్టిక్ తంతువులకు వేసే రంగు) అయితే తంతువులు నల్లగా గీసినట్టు ఉంటాయి, సందేహమే ఉండదు. హెచ్ అండ్ ఈ అంటే, 40లో పెట్టి కణాల మధ్య సన్నటి గులాబీ దారాలున్నాయేమో ఐరిస్ మూసి చూడు. చూసి రాయి.

పెరికాండ్రియం_ఫ్యాన్:
దానికి పెరికాండ్రియం కూడా ఉంటుంది.