‘ఉప్పు కప్పురంబు’ రెండో పాదం: తీరా, జాడా?

బయాలజీ టీచర్: రేపు కణత్వచం (కణాన్ని చుట్టి ఉండే పొర) పాఠం, ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ అనే వేమన పద్యంతో మొదలుపెడదామనుకుంటున్నాను. రెండో పాదం ‘చూడ చూడ రుచుల తీరు వేరు’ అని నోటికొస్తోంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. ‘జాడ’ కదూ? ఉప్పు, కర్పూరం జంట పాఠానికి భలే కుదిరింది. త్వచం లోపలంతా కొవ్వే. కర్పూరం కొవ్వులో కరుగుతుంది కాబట్టి నేరుగా దాటేస్తుంది. ఉప్పు నీళ్లలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. చుట్టూ ఉన్న నీటిని వదిలి అవి కొవ్వులోకి దిగలేవు. ప్రోటీన్ల దారి ఉంటేనే దాటతాయి.

పద్యప్రియుడు: ‘జాడ’నే అమ్మా. ‘తీరు’ గణాలకు, అంటే గురులఘువుల లెక్కకు సరిపోయినా యతి చెడుతుంది. చూడ, జాడల్లో రెండో అక్షరం ‘డ’ కలుస్తుంది, అదే ప్రాసయతి. ఇక తిరుగులేదు.

కెమిస్ట్రీ మాస్టారు: జాడ సరే, ‘చూడ చూడ’ మాటేమిటి? అందరూ ‘చూసేకొద్దీ’ అంటారు. రుచి చూడడమే అని నా వాదన. కంటికి రెండూ ఒకటే, నాలుకకే తేడా తెలుస్తుంది. త్వచంలో పొటాషియం అయాన్లు దాటే ప్రోటీన్ దారి, పొటాషియం చానల్‌నే తీసుకోండి. సోడియం అయాన్ పొటాషియం కన్నా చిన్నది. సైజే లెక్కయితే అదే ముందు దూరిపోవాలి. కానీ చానల్ సోడియం కన్నా పొటాషియంను దాదాపు 10,000 రెట్లు ఎక్కువగా పోనిస్తుంది. ఎందుకో 1998లో రాడరిక్ మెకినన్ బృందం చూపించింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇరుకు దారిలో ఆక్సిజన్ పరమాణువులు వరుసగా నిలిచి, నీటి బదులు పొటాషియంను పట్టుకుంటాయి. సోడియం మరీ చిన్నది, వాటి పట్టుకు అందదు. అందుకే నీటిని వదిలి రాదు. ఇది చూపు కాదు, రుచే!

పద్యప్రియుడు: మాస్టారూ, ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నదీ వేమనే. రెట్టించాడంటే ‘చేసేకొద్దీ’ అనే. రుచి ఒక్కసారి చూస్తే చాలదూ?

కెమిస్ట్రీ మాస్టారు: వేపను ఒక్కసారి తింటే చాలదనేగా ఆ పద్యం!

బయాలజీ టీచర్: రుచి అన్నారు కాబట్టి ఒక మాట. పూజ కర్పూరం పిల్లలకు అందకుండా పెట్టండి. కొవ్వును దాటే ఆ గుణంతోనే మెదడుకూ త్వరగా చేరుతుంది. మింగితే ఫిట్స్ వస్తాయి. క్లాసులో ఇదీ చెబుతాను.

పద్యప్రియుడు: తప్పక చెప్పండి. మరి మూడో పాదం ‘పురుషులందు పుణ్య పురుషులు’ చివర ‘వేరయ’ అని రాస్తారా, ‘వేరయా’ అనా? భగణమైనా రగణమైనా ఆ చోటికి కావలసిన ఇంద్రగణమే, రెండూ చెల్లుతాయి. నా ఓటు హ్రస్వానికే.

కెమిస్ట్రీ మాస్టారు: దీర్ఘం లేకపోతే పిలుపే వినపడదండీ.