కాలనీ వీధిలో పార్కింగ్ నిషేధం సడలింపు: అర్జీ ఎవరికి పెట్టాలి?

మేము ఒడిశా రాష్ట్రం రాయగడ జిల్లాలోని ఒక పట్టణంలో, ఎక్కువగా తెలుగువారే ఉండే కాలనీలో నివసిస్తున్నాము. మా వీధి వెడల్పు 20 అడుగులు. మూడు నెలల క్రితం వీధి రెండు చివర్లా, ఉదయం 8 నుండి రాత్రి 10 వరకు ఇరువైపులా వాహనాలు నిలపరాదంటూ బోర్డులు పెట్టారు. ఇళ్లన్నీ పాతవి కావడంతో 31 ఇళ్లలో నాలుగింటికే లోపల కారు పట్టే చోటు ఉంది. అంబులెన్సుకు, నీళ్ల ట్యాంకరుకు దారి ఉండాలన్నది న్యాయమే కనుక నిషేధం పూర్తిగా ఎత్తివేయమని మేము అడగడం లేదు. సరి తేదీల్లో ఒక వైపు, బేసి తేదీల్లో మరో వైపు నిలుపుకోనిస్తే చాలు.

26 ఇళ్లవారి సంతకాలతో ఒడియాలో రాయించిన అర్జీని పురపాలక కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాము. నెల తర్వాత అడిగితే అది పోలీసుల పని అన్నారు. పోలీసులు మళ్లీ పురపాలక కార్యాలయానికే వెళ్లమన్నారు. వార్డు కౌన్సిలరు గారు చూద్దామన్నారు, అంతే.

1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను ప్రకారం, వాహనాలు నిలిపే స్థలాలను రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చని చదివాము.

ఒడిశా పట్టణాల్లో ఇటువంటి సడలింపు పొందినవారు ఎవరైనా ఉంటే, ఆ ఉత్తర్వు ఏ అధికారి సంతకంతో వచ్చిందో దయచేసి తెలుపగలరా?