కడుపులో జిస్ట్ గడ్డ: ఇద్దరు డాక్టర్లు కలిసి తీయాలా, ఒక సర్జన్ చాలడా?

ఒంగోలు_చిన్నోడు: మా నాన్నకి 62 ఏళ్లు. కడుపు పైభాగంలో, అన్నవాహిక కలిసే చోటికి దగ్గర్లో 3 సెం.మీ. గడ్డ ఉంది. బయాప్సీలో జిస్ట్ (కడుపు గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్ గడ్డ) అని వచ్చింది. ఒక డాక్టరు గారు ల్యాప్రోస్కోపీలో స్టేప్లర్ (గోడను కోస్తూనే పిన్నులతో మూసే పరికరం) వేసి తీసేద్దామంటున్నారు. ఇంకొకరు లోపలి నుంచి ఎండోస్కోపీ, బయటి నుంచి ల్యాప్రోస్కోపీ కలిపి చేయాలంటున్నారు. దాని పేరు లెక్స్ అట. నిజంగా తేడా ఉందా, బిల్లు పెంచడానికా?

గోదారి_సర్జన్: జిస్ట్ లింఫు గ్రంథులకు పాకడం అరుదు. గడ్డ చిట్లకుండా, అంచులో ఏమీ మిగలకుండా తీస్తే చాలు. దానికి స్టేప్లరు సరిపోతుంది. రెండు టీముల హడావిడి ఎందుకు?

స్కోప్‌రూమ్_అక్క: గడ్డ బయటికి పెరిగుంటే మీ మాటే రైటు సార్. లోపలికి పెరిగితే బయటి నుంచి దాని అంచు కనబడదు. అందాజాగా స్టేప్లర్ వేస్తే మంచి గోడ కూడా పోతుంది. అన్నవాహిక దగ్గరైతే దారే ఇరుకైపోతుంది, ముద్ద దిగదు. లెక్స్‌లో ముందు స్కోప్‌తో చూస్తూ గడ్డ చుట్టూ చుక్కలు పెట్టి, లోపలి పొర కోస్తారు. ఆ గీత వెంటే సర్జన్ బయటి నుంచి మిగతా గోడ కోసి మూసేస్తారు. టోక్యో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ హాస్పిటల్లో హికి గారి బృందం 2008లోనే దీన్ని ప్రచురించింది. (స్కోప్‌లో మామూలు గాలి వదిలితే పేగులు ఉబ్బి సర్జన్‌కి చోటుండదు. అందుకే కార్బన్ డయాక్సైడ్ వాడతారు. ఆ సిలిండర్ ఉందో లేదో చూసుకోవడం మా పని!)

కరీంనగర్_పిల్ల: మాత్రలతో కరగదా?

గోదారి_సర్జన్: ఇమాటినిబ్‌తో చిన్నబడొచ్చమ్మా. కానీ తీయగలిగిన గడ్డకి ఆపరేషనే అసలు వైద్యం. చిన్నోడా, రిపోర్టులో గడ్డ మీద పుండు రాశారా?

ఒంగోలు_చిన్నోడు: 'మధ్యలో చిన్న పుండు' అని ఉంది డాక్టర్ గారూ.

గోదారి_సర్జన్: చూశావా అక్కా! మామూలు లెక్స్‌లో కడుపు సంచి కోసినచోట పొట్ట లోపలి ఖాళీలోకి తెరుచుకుంటుంది. పుండున్న గడ్డ కణాలు బయట రాలితే ఎవరిది పూచీ?

స్కోప్‌రూమ్_అక్క: పుండుంటే మామూలు లెక్స్ వద్దు, ఒప్పుకుంటా. కానీ కడుపు తెరవని పద్ధతి ఉంది కదా సార్, న్యూస్ అని. గోడను లోపలికి మడిచి, బయట ముందే కుట్టేసి, గడ్డను స్కోప్‌తో కోసి నోట్లోంచి తీస్తారు.

గోదారి_సర్జన్: 3 సెం.మీ. దాటితే గొంతులోంచి రాదు. పైగా అన్నవాహిక పక్కన గోడ మడవడం మాటలా?

స్కోప్‌రూమ్_అక్క: అక్కడ గుడ్డిగా స్టేప్లర్ వేయడం మాత్రం మాటలా? తమ్ముడూ, ఇద్దరు డాక్టర్లనీ ఒకే రోజు కలువు. గడ్డ అన్నవాహికకి ఎన్ని సెంటీమీటర్ల దూరమో, అలాంటివి కలిసి ఎన్ని చేశారో అడుగు.

గోదారి_సర్జన్: అది మాత్రం అడగాల్సిందే. స్టేప్లర్ వేసినా సరే, ఆపరేషన్ బల్ల మీద స్కోప్ లోపల పెట్టి దారి చూసుకోమని చెప్పు.

ఒంగోలు_చిన్నోడు: సోమవారం వెళ్తున్నాం. స్కాన్ సీడీ తీసుకెళ్తా.