పాత డబ్బింగ్ వినాలంటే 275 డాలర్ల పెట్టె కొనాల్సిందేనా?

రీలు_రంగడు:
ఇక్కడ యానిమే, అంటే జపాన్ యానిమేషన్, డిస్కుల బాక్స్ సెట్ల ఫొటోలు రోజూ వస్తుంటాయి. ధర మాటెత్తితే మాత్రం "ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాట నాకు సగమే నచ్చుతుంది. పెట్టెకి, ఆర్ట్ బుక్‌కి, కార్డులకి, బొమ్మకి కంపెనీ ఎంత ధరైనా పెట్టుకోనివ్వండి, నాకు పేచీ లేదు. కానీ తెర మీద చూసేది, చెవిన వినేది, అంటే పిక్చర్, ఆడియో ట్రాకులు, సబ్‌టైటిళ్లు, ఇవి చవక ఎడిషన్‌లోనూ ఖరీదైన ఎడిషన్‌లోనూ ఒకటే ఉండాలి.

ఇవాంజెలియన్ సంగతే తీసుకోండి. 1995 నాటి టీవీ సిరీస్, 26 ఎపిసోడ్లు. 2021 చివర్లో అమెరికాలో జీకిడ్స్ అనే డిస్ట్రిబ్యూటర్ దాన్ని బ్లూ-రేలో మూడు రకాలుగా తెచ్చింది: మామూలుది, కలెక్టర్స్, ఆ పైన 5,000 సెట్లే చేసిన అల్టిమేట్. చివరిదాని ధర దాదాపు 275 డాలర్లు, అప్పటి లెక్కలో మన డబ్బు 20 వేల పైనే. అమెరికాలో ఒక తరం ఈ సిరీస్‌ని ఏడీవీ అనే కంపెనీ చేయించిన పాత ఇంగ్లీష్ డబ్బింగ్‌తో చూసి పెరిగింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం మళ్ళీ కొత్తగా డబ్బింగ్ చేశారు, డిస్కుల్లో ఉన్నది అదే. పాతది కావాలంటే అల్టిమేట్ కొనాలి, అదీ డౌన్‌లోడ్ రూపంలోనే. 5,000 సెట్లు అయిపోయాయంటే ఇక మిగతావాళ్లు ఎంత డబ్బు పట్టుకుని నిలబడ్డా ఆ గొంతులు కొత్తగా కొనడానికి దొరకవు, ఎవరో వాడిన పాత డీవీడీలు వెతుక్కోవాల్సిందే. ఇందులో అభిమానికి గౌరవం ఎక్కడుంది చెప్పండి.

డాలస్_గోదారి:
రంగన్నా, నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. డిస్కులు కొనేవాళ్లు ఎంతమంది మిగిలారు ఇప్పుడు? కంపెనీ హక్కులు కొనాలి, పాత ఆడియో వెతికి శుభ్రం చేయాలి, కొత్త పిక్చర్‌కి సరిపోయేలా కూర్చాలి. ఆ ఖర్చంతా 60 డాలర్ల సెట్ మీద వేస్తే అది కూడా అమ్ముడుపోదు. పెద్ద అభిమాని ఎక్కువ పెడతాడు కాబట్టే మామూలు అభిమానికి తక్కువలో దొరుకుతోంది. ప్రత్యేకం అనేది ఏదీ లేకపోతే వాడు ఎక్కువ ఎందుకు పెడతాడు, అట్ట కోసమా?

ఇంకో మాట. జపాన్‌లో దశాబ్దాల పాటు చాలా సిరీస్‌లకి డిస్కుకి రెండే ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్‌లు. 1980ల్లో క్యాసెట్ల కాలంలో అద్దె షాపుల్ని దృష్టిలో పెట్టుకుని మొదలైన ధరల పద్ధతి అది, తర్వాత కూడా పెద్దగా దిగలేదు. ఆ డబ్బుతోనే ప్రొడక్షన్ కమిటీలు, అంటే కలిసి డబ్బు పెట్టి సిరీస్ తీయించే కంపెనీలు, పెట్టుబడి రాబట్టుకునేవి, అర్ధరాత్రి ప్రసారమయ్యే సిరీస్‌లు బతికింది దాని మీదే. టీవీలో హడావుడిగా వెళ్లిపోయిన సీన్లు డిస్కు కోసం మళ్ళీ గీసి దిద్దేవాళ్లు. అంటే నువ్వు తప్పంటున్న పని, డబ్బు పెట్టినవాడికి మెరుగైన పిక్చర్ ఇవ్వడం, అక్కడ పద్ధతే. 2011లో జపాన్ కంపెనీ అనిప్లెక్స్ అమెరికాలో కారా నో క్యోకై అనే యానిమే సినిమాల బాక్స్‌ని దాదాపు 400 డాలర్లకి అమ్మింది, జపాన్‌లో తయారైన పెట్టెకే ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు పెట్టి. అమెరికాలో చవకగా పెడితే జపాన్ వాళ్లే ఇక్కడి నుంచి తెప్పించుకుంటారని వాళ్ల భయం, ఎందుకంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో పెట్టే హద్దు, అదే రీజియన్, బ్లూ-రేకి రెండు దేశాల్లోనూ ఒకటే. అందరూ తిట్టారు. కొనేవాళ్లు కొన్నారు కూడా.

కప్పా_బోర్డు:
నేను హైదరాబాద్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాను. పెళ్లి కార్డుల పెట్టెలు, స్వీట్ బాక్సులు, కంపెనీల గిఫ్ట్ బాక్సులు మా పని. ఇంట్లో అల్మరా నిండా యానిమే సెట్లు. కాబట్టి పెట్టె గురించి కొంచెం చెప్పగలను.

గట్టి పెట్టె, మేం రిజిడ్ బాక్స్ అంటాం, ఖరీదైనదే. మందపాటి బోర్డు కోయాలి, మీద ప్రింటు చేసిన కాగితం చేత్తో అతికించాలి, మూలలు మడవాలి, బుడగ రాకుండా ఒత్తాలి. ఇది ఎక్కువగా చేతిపనే. ఫాయిల్, అంటే మెరిసే రేకు అచ్చు, వేయాలంటే బ్లాక్ చేయించాలి, కటింగ్‌కి డై చేయించాలి, ఈ రెండూ వంద పెట్టెలకైనా పదివేల పెట్టెలకైనా ఒక్కసారి పెట్టే ఖర్చు. అందుకే తక్కువ సంఖ్యలో చేస్తే ఒక్కో పెట్టె మీద భారం ఎక్కువ పడుతుంది. గోదారి తమ్ముడూ, ఇంతవరకూ నీ మాట నిజం. కానీ ఇదే లెక్క తిరగేసి చూడు: సంఖ్య పెంచితే ఒక్కో పెట్టె ధర తగ్గుతుంది. "ఇన్నే చేస్తాం" అన్న హద్దు ప్రెస్‌లో పుట్టేది కాదు, అమ్మకాల టేబుల్ దగ్గర పుడుతుంది. కొనేవాడి గుండెల్లో టెన్షన్ పెట్టడానికి పుడుతుంది. బ్లాక్‌లో అమ్మేవాడు బాగుపడేది ఆ హద్దు వల్లే, అతని లాభంలో స్టూడియోకి ఒక్క పైసా చేరదు.

ఎన్ని చేయాలో ఆర్డర్లని బట్టి నిర్ణయించే పద్ధతి కూడా ఉంది. 2019లో ఫ్యూనిమేషన్, తర్వాత క్రంచీరోల్‌లో కలిసిపోయిన అమెరికా యానిమే కంపెనీ, డ్రాగన్ బాల్ జీ సిరీస్ 30 ఏళ్ల సెట్ ప్రకటించినప్పుడు, 291 ఎపిసోడ్లు, ఆర్ట్ బుక్, బొమ్మ, కనీసం 2,500 ముందస్తు ఆర్డర్లు వస్తేనే తయారుచేస్తాం అంది. ఆర్డర్లు లెక్కపెట్టి చేయడం ప్రెస్ వాళ్లకి కూడా హాయి, గోడౌన్‌లో మిగిలేది ఉండదు. కానీ ఆ సెట్‌తో అసలు గొడవ పెట్టె మీద రాలేదు, పిక్చర్ మీద వచ్చింది. ఫిల్మ్ గ్రెయిన్, అంటే పాత ఫిల్మ్ మీద కనిపించే సన్నటి నలుసులు, తీసేసే ప్రయత్నంలో గీతల పదును కూడా పోయిందని నమూనా చూడగానే అభిమానులు మొత్తుకున్నారు. 350 డాలర్ల పెట్టెలో ఉన్నది మెత్తబడ్డ పిక్చర్! నా కోపమంతా ఇక్కడే. డిజైన్ బడ్జెట్ ముందు డిస్కుకి పోవాలి, మిగిలితే పెట్టెకి.

పెట్టె డిజైన్ గురించి కూడా ఎవరూ మాట్లాడరేం? బిగుతు కాగితపు జేబుల్లో డిస్కులు దూర్చి పెడతారు, తీసిన ప్రతిసారీ గీతలు. అల్మరా అరలో పట్టని సైజులో చేస్తారు, ఫొటోలో గొప్పగా కనిపించాలని. పుస్తకం వీపు జిగురుతో మాత్రమే అతికించి వదిలేస్తారు, పూర్తిగా తెరిస్తే పేజీలు ఊడతాయి, దారంతో కుట్టిస్తే కొంచెమే ఖర్చు పెరుగుతుంది. నల్లటి మ్యాట్ లామినేషన్ మీద వేలిముద్రలు, గోరు గీతలు అన్నీ పడతాయి, గీత పడని రకం లామినేషన్ దొరుకుతుంది, అది వేయరు. కొనేది ఇరవై ఏళ్లు దాచుకునే మనిషి అని తెలిసీ పెట్టెని మొదటిరోజు ఫొటో కోసం చేస్తారు.

బెజవాడ_మెకా:
అక్కా, మీరంతా కొనగలిగేవాళ్ల సమస్య మాట్లాడుతున్నారు. ఇక్కడ విజయవాడలో నాకు ఏ ఎడిషన్ అయినా ఒకటే, ఏదీ రాదు. అమెరికా, జపాన్ డిస్కులు రీజియన్ ఏ, మనది రీజియన్ సీ. లాక్ ఉన్న డిస్కు మన ప్లేయర్‌లో ఆడదు. షిప్పింగ్, కస్టమ్స్ కలిపేసరికి ధర ఎక్కడికో పోతుంది. నాలాంటివాళ్లు యానిమే చూసేది ఫోన్‌లో, క్రంచీరోల్ అనే యానిమే స్ట్రీమింగ్ యాప్ 2022లో నెలకి 79 రూపాయలకి దించింది కాబట్టి.

అయినా రంగన్న అన్నదే నాకు న్యాయం అనిపిస్తోంది, వేరే కారణంతో. పాత డబ్బింగ్‌ని డౌన్‌లోడ్‌గా ఇచ్చారన్నారు కదా. ఫ్యూనిమేషన్ కూడా డిస్కులతో పాటు డిజిటల్ కాపీ కోడ్‌లు ఇచ్చేది. 2024 ఏప్రిల్‌లో ఆ సర్వీసు మూసేశారు, జనం కోడ్‌లు పెట్టి దాచుకున్న సినిమాలు, సిరీస్‌లు క్రంచీరోల్‌కి మారలేదు, పోయాయి. ఫైల్ మన చేతికి వస్తే సరే, వాళ్ల సర్వర్‌లో ఉంటే మాత్రం అది మన వస్తువు అని చెప్పుకోలేం. అందుకే ఆడియో డిస్కు మీదే ఉండాలి, అన్ని డిస్కుల మీద ఉండాలి.

నా ఆశ ఇంకోటి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా థియేటర్లలో తెలుగులో కూడా వచ్చింది, ఫ్రెండ్స్‌తో వెళ్లాను, హాలంతా అరుపులే. ఆ తెలుగు ట్రాక్ డిస్కు మీద దొరికితే చాలు, అట్టపెట్టె లేకపోయినా కొంటాను. కానీ ఒకవేళ దాన్ని ఖరీదైన ఎడిషన్‌లో మాత్రమే పెడితే? మన భాష లగ్జరీ సామాను అయిపోతుంది. ఇప్పుడు అమెరికా వాళ్ల పాత డబ్బింగ్‌కి జరిగింది రేపు మనకి జరగదని ఏముంది?

రీలు_రంగడు:
మెకా తమ్ముడూ, నేను చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు.

గోదారి అన్నా, నువ్వు చెప్పిన జపాన్ పద్ధతికి నా జవాబు. అక్కడి మొదటి ఎడిషన్లలో జనం ఎగబడేది చాలాసార్లు ఈవెంట్ టికెట్ లాటరీలో పాల్గొనే కాగితం కోసం, డ్రామా సీడీ, అంటే అవే పాత్రలతో చేసిన ఆడియో నాటకం, కోసం, కొత్తగా గీసిన కవర్ కోసం. వాటికి ఎంతైనా తీసుకోమను. దిద్దిన సీన్లంటావా, అవి ఆ సిరీస్ డిస్కులన్నిటిలో ఉంటాయి, ఖరీదైన పెట్టెలో ఒకటి, చవక పెట్టెలో ఒకటి అని రెండు పిక్చర్లు అమ్మరు. నేను తప్పంటున్నది ఒకే రోజు వచ్చిన రెండు పెట్టెల మధ్య ఆ తేడా పెట్టడాన్ని.

ఖర్చు రాదంటావా. పాత యానిమే డిస్కులు తెచ్చే అమెరికా కంపెనీ డిస్కోటెక్ చూడు. మామూలు ప్లాస్టిక్ కేసు, ఒక్కోసారి పాత సిరీస్ మొత్తాన్ని ఒకే బ్లూ-రేలో పెట్టేస్తుంది, డబ్బు పిక్చర్ మీద, దొరికినన్ని ఆడియో ట్రాకుల మీద పెడుతుంది. వాళ్లు నిలబడ్డారు. జపాన్ ధరల్ని యథాతథంగా అమెరికాకి తెద్దామనుకున్న బందాయ్ విజువల్ యూఎస్ఏ 2008లో మూతపడింది. ఎక్కువ ధర పెడితే పరిశ్రమ బతుకుతుందన్న మాట ప్రతిసారీ నిజం కాదు.

డాలస్_గోదారి:
డిస్కోటెక్ తెచ్చేవి ఎక్కువగా పాత సిరీస్‌లు, హక్కుల ధర కొత్తవాటితో పోల్చలేం. అది ఒక దారి మాత్రమే, అందరికీ కుదరదు.

కానీ మెకా చెప్పిన తెలుగు ట్రాక్ మాట నన్ను ఆపింది. మా అమ్మాయికి ఇక్కడ తెలుగు వినిపించేది చాలా తక్కువ, అలాంటి డిస్కు ఒకటి ఉంటే నేను మొదటి రోజే కొంటాను, దాని కోసం 300 డాలర్ల పెట్టె కొనమంటే నాకూ ఒళ్లు మండుతుంది. సరే, మధ్యే మార్గం ఒకటి అడుగుతాను. ఖరీదైనది ముందు రానివ్వండి, అన్నీ ఉన్న మామూలుది ఆర్నెల్ల తర్వాత రానివ్వండి. తొందర ఉన్నవాడు ఎక్కువ పెడతాడు, ఆగగలిగినవాడికి తక్కువలో అదే డిస్కు. బ్రిటన్‌లో అనిమే లిమిటెడ్ చాలా టైటిల్స్‌కి చేసేది దాదాపు ఇదే, ముందు గట్టి పెట్టె, తర్వాత మామూలు కేసు. ఇది మీకు ఒప్పుదలేనా?

కప్పా_బోర్డు:
నాకు ఒప్పుదలే, ఒక షరతు. మామూలు ఎడిషన్ వస్తుందని, దాదాపు ఎప్పుడు వస్తుందని మొదటి ప్రకటనలోనే చెప్పాలి. అది దాచిపెట్టి, "ఇక దొరకదేమో" అన్న భయంతో అప్పు చేసి కొన్నవాడికి ఏడాది తర్వాత సగం ధరకి అదే డిస్కు చూపించడం మోసం కిందే లెక్క.

రీలు_రంగడు:
ఆ షరతుతో అయితే నాకూ ఓకే. ఆర్నెల్లు ఆగడం పెద్ద కష్టం కాదు. డిస్కు మాత్రం ఒకటే ఉండాలి.

బెజవాడ_మెకా:
రీజియన్ లాక్ తీసేయమని కూడా కలపండి అన్నా. అది లేకుండా ఆ ఆర్నెల్లు ఆగినా నాకు వచ్చేది ఏమీ లేదు.