కొండవాలుకు ఇనుప వల బిగిస్తే ఆ రోడ్డు క్షేమమేనా?

బెజవాడ ప్రయాణికుడు:
విజయవాడలో కొండను తొలిచి వేసిన ఒక రోడ్డు మీదుగా నేను రోజూ స్కూటర్‌పై ఉద్యోగానికి వెళ్తాను. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల వేళ ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడినప్పుడు, మళ్లీ 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో బండరాళ్లు ఇళ్లమీద పడి ప్రాణాలు పోయినప్పుడు, కొన్నాళ్లు అందరమూ కొండల వైపు భయంగా చూశాం. నేను వెళ్లే దారిలో వాలుకు ఇనుప వల కట్టారు. మొన్నటి వానల తర్వాత ఆ వల అడుగున రాళ్లు, ఎర్రమట్టి చేరి బరువైన మూటలా వేలాడుతున్నాయి. వల పనిచేస్తోందని సంతోషించాలా, భయపడాలా?

విశ్రాంత రోడ్ల ఇంజినీరు:
రెండూ అవసరమే. విడిగా ఊడే రాళ్లు ఎగిరి వాహనాలపై పడకుండా వాలు వెంబడి కిందికి దించడమే ఆ రకం వల పని. అలా చేరిన రాళ్లను ఎప్పటికప్పుడు తీయకపోతే ఆ బరువంతా పైన వలను పట్టి ఉంచిన కడ్డీల మీద పడుతుంది. వాలు మొత్తంగా జారితే మాత్రం దాన్ని నిలిపే శక్తి వలకు లేదు.

తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ రాయి గాలికి, వానకు శిథిలమై ఎర్రటి బంకమట్టిగా మారుతుంది. ఆ మట్టి నడుమ గట్టి బండలు అలాగే మిగిలిపోతాయి. వాననీరు పగుళ్లలోకి దిగి, బయటికి దారి దొరక్క లోపలినుంచి ఒత్తిడి పెంచినప్పుడు మట్టి పట్టు సడలి బండ కదులుతుంది. అందువల్ల నన్నడిగితే మొదటి ఖర్చు నీళ్ల మీదే పెట్టాలి: వాలు పైఅంచున వరదనీటిని పక్కకు మళ్లించే కాలువ, వాలు లోపలి నీటిని బయటికి తెచ్చే గొట్టాలు. ఆ తర్వాతే ఊగే రాళ్లను వాహనాలు ఆపి రాల్చడం, నిలిచే బండలకు రంధ్రాలు తొలిచి ఉక్కు కడ్డీలు దించి సిమెంటు పాలు నింపడం. నీరు పోయే రంధ్రాలు వదలకుండా వాలంతా కాంక్రీటు పూసిన పనులు కూడా చూశాను; పైకి చక్కగా కనిపిస్తాయి, లోపల నీటిని బంధిస్తాయి.

తోటమాలి:
వట్టివేరు గడ్డి నాటితే చాలదా? వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు పోతాయి కదా.

విశ్రాంత రోడ్ల ఇంజినీరు:
పైపొర మట్టి కొట్టుకుపోకుండా ఆపడంలో వట్టివేరు నిజంగా మేలైనదే. అయితే బండను గాని, వేళ్లకు దిగువన జారే పొరను గాని అది పట్టుకోలేదు.

హాంకాంగ్‌లో పనిచేసిన తెలుగువాడు:
అక్కడ 1972లోనూ 1976లోనూ వాలులు కూలి ఎందరో చనిపోయాక, 1977లో ఈ పనికే ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయం ఏర్పడింది. మనుషులు తొలిచిన, పోసిన వాలులు సుమారు 60,000 జాబితాలో ఉన్నాయి. నాకు బాగా నచ్చింది చిన్న విషయం: రోడ్డు పక్క వాలులకు నంబరు పలక ఉంటుంది, ఆ నంబరుతో వెతికితే దాని నిర్వహణ ఎవరి బాధ్యతో తెలుస్తుంది. మన దగ్గర వల కట్టిన గుత్తేదారు వెళ్లిపోయాక, ఆ మూటను దించవలసింది ఎవరో ఎవరికీ తెలియదు.

బెజవాడ ప్రయాణికుడు:
ఆదివారం మెట్లదారిన పైకి వెళ్లి చూశాను. పైఅంచున కాలువ ఉంది, కానీ కొబ్బరి చిప్పలతో, ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయింది. దాని పక్కనే నేల అరచెయ్యి వెడల్పున చీలి ఉంది.

విశ్రాంత రోడ్ల ఇంజినీరు:
పైఅంచు నేల చీలడమంటే వాలు కదలడం మొదలైందేమోనని అనుమానించాలి. ఇక ఆ అంచున నిలబడకండి. చీలిక ఫోటోలు, తేదీ, చోటు రాసి నగరపాలక సంస్థకు, కలెక్టరు కార్యాలయానికి ఈరోజే రాతపూర్వకంగా ఇవ్వండి. వారు చూసేదాకా, వాన పడిన రోజున మరో దారిన వెళ్లండి.