రెండు లక్షలు దాటిన బండికి శబ్దం రాకముందే టైమింగ్ చైన్ మార్చాలా?

సూర్యాపేట డీజిల్:
నాది 2013 స్విఫ్ట్ డీజిల్, 1.3 లీటర్ ఇంజన్. 2,12,000 కిలోమీటర్లు తిరిగింది. పికప్ బాగానే ఉంది, శబ్దమేమీ లేదు. క్లచ్ పనికి ఇస్తే మెకానిక్ "పనిలో పని, చైన్ కిట్ కూడా వేసేద్దాం" అంటున్నాడు. అదే, ఇంజన్‌లో పిస్టన్లకూ వాల్వులకూ వేళ కుదిర్చే టైమింగ్ చైన్. వేయించనా?

నూనెచేతులు:
ఏం పనిలో పని అన్నా? క్లచ్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. నీ ఇంజన్‌లో చైన్ రెండో వైపు, కవర్ లోపల. లేబర్ కలిసిరాదు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో చైన్ గేర్‌బాక్స్ వైపే ఉంటుంది, ఆ మాట అక్కడ చెల్లుతుంది.

మూడో గేరు:
అయినా మార్చేయండి. నా పాత డీజిల్ బండికి (కంపెనీ పేరెందుకులెండి) 1,80,000 దగ్గర చైన్ పళ్ళు తప్పింది. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయాయి. హెడ్ దించాల్సి వచ్చింది. ఆ బిల్లు ముందు చైన్ కిట్ ఖర్చెంత?

నూనెచేతులు:
ముందు శబ్దం రాలేదా?

మూడో గేరు:
వచ్చింది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు సెకన్లు గరగర. డీజిల్ బండి కదా, అంతేలే అనుకున్నాను.

నూనెచేతులు:
చెప్పే పోయింది మరి. చైన్ సాగిందంటాం కానీ నిజానికి లింకుల పిన్నులు అరిగి పొడవు పెరుగుతుంది. ఆ వదులును టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పట్టి ఉంచుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆ ప్రెషర్ ఉండదు, అందుకే మొదటి రెండు సెకన్లలోనే బయటపడుతుంది. గ్యారేజీ దాకా నడుపుకెళ్ళి వినిపిస్తే ఏం వినిపిస్తుంది? అనుమానముంటే స్కానర్ పెట్టించు. క్రాంక్‌కీ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) క్యామ్‌కీ (వాల్వులు తెరిచే షాఫ్ట్) లెక్క కుదరకపోతే పీ0016 లాంటి ఎర్రర్ కోడ్ వస్తుంది.

రింగురోడ్డు:
మీ ఇద్దరూ మీటరూ శబ్దమూ పట్టుకుని కొట్టుకుంటున్నారు. నేనైతే ఆయిల్ బిల్లులు అడుగుతాను. వేళకు ఆయిల్ మార్చిన చైన్‌ని ముట్టుకోను. మురికి ఆయిల్‌తో తిరిగిన బండైతే లక్ష దగ్గరైనా నమ్మను. బిల్లులున్నాయా?

సూర్యాపేట డీజిల్:
90,000 దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అక్కణ్నుంచి ప్రతి 10,000కీ మార్పించాను, బిల్లులున్నాయి. అంతకుముందువి లేవు.

మూడో గేరు:
చూశారా! ఆ 90,000 ఎవరు చూశారు?

నూనెచేతులు:
ఆ తర్వాత లక్షా ఇరవై వేలు కిక్కురుమనకుండా తిరిగింది కదన్నా. అప్పుడే అరిగి ఉంటే ఈపాటికి గోల చేసేది. శబ్దం వచ్చిన రోజు మాత్రం ఇంకో నెల చూద్దామనుకోకు.

సూర్యాపేట డీజిల్:
ఇప్పటికి క్లచ్ ఒక్కటే చేయిస్తాను. బండి తెచ్చాక, మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి ఫోన్ పక్కన పెట్టి సెల్ఫ్ కొడతాను. రికార్డింగ్ ఇక్కడే పెడతాను, విని చెప్పండి.